కచేరికి పోయే గుడ్డలు

కోటు వేసుకోవాల్నా, టై కట్టుకోవాల్నా, జీన్స్ ప్యాంటుతో పోతే ఏమంటారో అని పొద్దుటి నుంచి ఆ ఫోనులోనే తల దూర్చినావు. దాన్ని పక్కన పెట్టి ఇట్ల మంట దగ్గరికి జరుగు నాయనా. కొత్తగా కొలువులో చేరేవాడు పని నేర్చుకోవాలగానీ గుడ్డల గురించి దిగులేంది అని మీ నాయన కసురుకున్నాడు గదా, ఆ మాట నేను ఒప్పుకోను. ఆ దిగులు మంచిదే. మన కడప, కర్నూలు జిల్లాల్లో కచేరికి పోయే మగవాళ్లు ఏం కట్టుకునేవాళ్లో, ఏంటికి కట్టుకునేవాళ్లో నాకు తెలిసినంత చెప్తా విను. తొందరపడొద్దు. చలికాలపు రాత్రి చానా పెద్దది, చెనక్కాయలు ఇంకా కాలనే లేదు.

మా అబ్బ కరణీకం చేసినాడు. నడవలో మేకుకు ఆయన నల్ల ఆల్పాకా కోటు వేలాడుతుండేది. గొంతుదాకా బొత్తాలు. గడియారం గొలుసు తగిలించుకునేదానికి బొత్తాల పక్కన ఒక కాజా కూడా ఉండేది, గడియారం మాత్రం ఏనాడూ లేదు. ఏడాదిలో ఆ కోటు మేకు దిగేది మహా అయితే మూడు నాలుగు మార్లు. జమాబందీకి ఒకసారి, కలెక్టరు క్యాంపు మన పక్క పడితే ఒకసారి, దగ్గరివాళ్ల ఇంట్లో పెండ్లికి ఒకసారి. మిగతా నాళ్లంతా ఆయనకూ ఒక పంచె, భుజం మీద తువ్వాల, అంతే. కోటు తీసే ముందురోజు మా అవ్వ దాన్ని ఎండలో వేసి, జేబుల్లో దాచిన ఎండు వేపాకు దులిపి, మోచేతుల దగ్గర తడిగుడ్డతో తుడిచేది. కిందికి గోచీ పోసి కట్టిన మల్లు పంచె, పైన జరీ అంచు కండువ, తలకు రుమాలు. ఆ రుమాలు చుట్టుకునేది చూడాల నువ్వు! ఒక కొన మా నాయన చేతికిచ్చి నడవ చివర నిలబెట్టేవాడు. రెండో కొన పళ్లతో కరిచి పట్టుకొని, గుడ్డను మెలి తిప్పుకుంటా, తలకు చుట్టుకుంటా ఒక్కొక్క అడుగే ముందుకు వచ్చేవాడు. మా నాయన దగ్గరికి చేరేసరికి పాగా తయారు. అద్దం అడిగేవాడు కాదు. మా అవ్వ మొగం చూసేవాడు, ఆమె తల ఊపితే బండెక్కేవాడు.

జమాబందీ అనేది ఊరి లెక్కలు తెచ్చి, ఎవరి శిస్తు ఎంత, ఎండిన పైరుకు మాఫీ ఎంత అని దొర ముందర తేల్చుకునే పని. మన సీమను 1800లో నిజాము కుంపిణీవాళ్లకు అప్పజెప్తే, థామస్ మన్రో మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. గుడారాలు వేసుకొని ఊరూరూ తిరిగి, రైతు పేరు మీదనే శిస్తు కట్టే రైతువారీ పద్ధతి నాటినాడు. కర్నూలు పక్క మటుకు 1839 దాకా నవాబు ఏలుబడే. నా చిన్నప్పుడు కూడా కర్నూలు పాతూర్లో షేర్వాణీ, రూమీ టోపీ వేసుకొని పనులకు పోయే పెద్ద సాయిబులు చానామంది కనపడేవాళ్లు. ఎంత ఎండలోనైనా ఆ షేర్వాణీ బొత్తం ఒక్కటి కూడా విప్పేవాళ్లు కాదు.

మర్యాద గురించి ఇక్కడ ఒక మాట చెప్పాల. దొర గదిలోకి పోయేటప్పుడు మనవాళ్లు తల మీది రుమాలు తీసేవాళ్లు కాదు, కాళ్ల మెట్లు మాత్రం గడప బయట విడిచేవాళ్లు. దొరలకు అంతా తారుమారు. వాళ్లకు టోపీ తీస్తే గౌరవం, బూట్లు విప్పమంటే అవమానం. ఎవరి మర్యాద వాళ్లకు గొప్ప గదా. ఈ తగాదా దేశమంతా ఉండేది. సూరత్‌లో 1862లో మానెక్‌జీ కావస్‌జీ ఎంటీ అనే పెద్దమనిషి, కోర్టులో అసెసరుగా కూర్చునే ఆయన, జడ్జి ముందర బూట్లు విప్పేది లేదని నిలబడినాడు. ఆయనకు అది పరువు సంగతి, జడ్జికి అది సర్కారు సంగతి. ఇద్దరికీ కోపాలు వచ్చినాయి. సరే, సూరత్ దాకా పోతే మన కథ తప్పిపోతుంది, తాలూకా కచేరికే వద్దాం.

మా అబ్బ చెప్పిన ముచ్చట ఒకటుంది. ఒక జమాబందీ నాడు కచేరి వెనక చింతచెట్టు కింద ముగ్గురు కరణాలు ఒకే కోటుతో కథ నడిపించినారంట. కోటు లేకుండా దొర ముందర నిలబడితే మాఫీ రాదని ఎవరో చెప్పినారు, వీళ్లు నమ్మినారు. ఒకాయన లోపలికి పోయి లెక్క అప్పజెప్పి, బయటికి వస్తానే కోటు విప్పి రెండో ఆయనకు తొడిగేది. మొదటాయన బక్కమనిషి. రెండో ఆయనకు పెద్ద బొజ్జ, బొత్తాలు పెట్టుకుంటే ఊపిరి ఆడదు. లెక్క చదవమంటే నోట్లో నుంచి మాట రాదు. మూడో ఆయన మరీ పొట్టి, కోటు చేతులు వేళ్లను మింగేసినాయి, కాగితం తిప్పేదానికి లేదు. ఎరువు సొమ్ము బరువు చేటు అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు నాయనా. దొర మూడో మనిషి ఎడమ మోచేతి మీద సిరా మరకను గుర్తుపట్టినాడు. ముగ్గురికీ అదే చోట అదే మరక! శిరస్తాదారు పక్కకు చూసి మీసాల్లోనే నవ్వుకున్నాడంట. దొర ఏమీ అనలేదు. మధ్యాహ్నం బల్ల, కుర్చీ ఆ చింతచెట్టు నీడకే వేయించి, తన కోటు కూడా విప్పి కుర్చీకి తగిలించి, మిగిలిన ఊర్ల లెక్కలు అక్కడే చూసినాడంట. అది చూసి మన కరణాలకు ప్రాణం లేచివచ్చింది. మాఫీ ఎవరికి ఎంత వచ్చిందో మా అబ్బ చెప్పలేదు, కోటు కథ మాత్రం ప్రతి సంక్రాంతికీ చెప్పేవాడు.

నవ్వినావులే, ఇంకొకటి విను. ఆ కాలం హుజూరు కచేరిలో, అంటే కలెక్టరు కచేరిలో, అందరికన్నా గొప్ప గుడ్డలు ఎవరివనుకున్నావు? కలెక్టరువి కాదు, ఆయన గది వాకిట నిలబడే డఫేదారువి. తెల్లటి పొడుగు కోటు, నడుముకు ఎర్ర పట్టీ, భుజం మీద నుంచి అడ్డంగా పటకా, దాని మీద తళతళలాడే ఇత్తడి బిళ్ళ, తలకు జరీ పాగా. పల్లె నుంచి మొదటిసారి వచ్చిన రైతు నేరుగా పోయి ఆయనకే దండం పెట్టేవాడు, చేతిలోని అర్జీ ఆయనకే అందించేవాడు. డఫేదారులు కూడా పాపం చానామంది మంచివాళ్లే, ఆ దండం తీసుకొనే లోపలికి దారి చూపించేవాళ్లు.

1921లో కచేరి గుడ్డలకు పెద్ద కుదుపు వచ్చింది. ఆ సెప్టెంబరులో గాంధీగారు మదురైలో అంగీ, టోపీ విడిచి కొల్లాయి గుడ్డ కట్టినారు. ఆ నెలాఖరుకే మన కడప, కర్నూలు పక్క వచ్చినారు. అప్పటిదాకా పెద్దమనిషి అంటే కోటు. ఇప్పుడు దేశంలోకెల్లా పెద్దమనిషి మోకాలు దాటని గుడ్డతో రైలు దిగినాడు. కోట్లు, కాలర్లు వేసుకొని ఎదురుపోయిన వకీళ్లు ఇంటికి పోయి ఏమనుకున్నారో నాకు తెలీదుగానీ, కొందరి ఇండ్లలో ఆ ఏడే రాట్నాలు చేరినాయి. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసులో పేరుమోసిన బారిస్టరు, ఆయన కూడా ఆ 1921లోనే ప్రాక్టీసు విడిచి ఖద్దరుకు వచ్చినారు. ఆయన సంగతి గుర్తు పెట్టుకో, ఇప్పుడే మళ్లీ వస్తారు.

1953 అక్టోబరు 1. మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కర్నూలు రాజధాని. నెహ్రూగారు వచ్చి ప్రారంభం చేసినారు. ముఖ్యమంత్రి ఆ ప్రకాశం పంతులుగారే, ఎనభై దాటిన మనిషి. నేను అప్పటికి నిక్కర్ల పిల్లోన్ని. రాజధాని అని పేరేగానీ ఊర్లో ఆఫీసులకు మేడలు యాడివి? ఇండ్లు యాడివి? ఖాళీ నేల కనపడిన చోటల్లా గుడారాలు వేసినారు. గుడారాల్లో బల్లలు, బల్లల మీద ఫైళ్లు, ఫైళ్ల మీద గాలికి ఎగరకుండా తుంగభద్ర గుండ్రాళ్లు. ఇండ్ల బాడుగలు ఒక్కసారిగా చెట్టెక్కినాయి. వసారాలో సగం తడిక కట్టి కూడా బాడుగకు ఇచ్చుకున్నారు.

మద్రాసు నుంచి దిగిన గుమాస్తాలను చూసేదానికి మేము పిల్లోళ్లం పనిగట్టుకొని పోయేవాళ్లం. వయసు పైబడిన వాళ్లు పంచకచ్చం, మెడదాకా బొత్తాలున్న కోటు, తలపాగా, నుదుట బొట్టు. కుర్రవాళ్లు తెల్ల ప్యాంటు, చేతులు నిండా ఉన్న షర్టు, కొందరికి టై. సముద్రం గాలికి అలవాటు పడిన ఒళ్లు, సముద్రం గాలికి కుట్టించిన గుడ్డలు. మన ఎండ సంగతి వాళ్లకేం తెలుసు? ఏప్రిల్ వచ్చింది. ఎండ నలభై డిగ్రీలు దాటి పోతా ఉంది. గుడారంలో కూర్చుంటే పైనుంచి మంట, కింద నుంచి సెగ. పొద్దున తెల్లగా పోయిన షర్టు సాయంత్రానికి దుమ్ముతో గోధుమరంగుకు తిరిగేది. మొదట టైలు పోయినాయి. తర్వాత కోట్లు కుర్చీల వీపులకు చేరినాయి. పెద్ద అధికారి వస్తున్నాడని బంట్రోతు దగ్గితే చాలు, గుడారమంతా ఒక్కసారి లేచి కోట్లు తొడుక్కునేది. ఆయన పోతానే మళ్లీ విప్పేది. ఇదంతా ఎవరి కోసం అని మా నాయన నవ్వేవాడు. వచ్చే అధికారి కూడా బయట జీపులో కోటు తొడుక్కొని దిగేవాడు మరి! ఒకరి కోసం ఒకరు ఉడికిపోయేవాళ్లు. వీళ్లందరి మీద ముఖ్యమంత్రి ఒక్కరే, ఒకప్పుడు బారిస్టరు సూట్లు వేసిన మనిషి, ఖద్దరు పంచెతో తిరిగినారు.

ఆ మూడేండ్లు కర్నూల్లో బాగుపడింది చాకలి వాళ్లూ, దర్జీలూ అని చెప్పుకునేవాళ్లు. తుంగభద్ర ఒడ్డున బండల మీద ఆరేసిన తెల్ల గుడ్డలు అంత దూరం కనపడేవి. గుడ్డకు అణా చొప్పున ఉతుకూ ఇస్త్రీ. 1957లో నయాపైసలు వచ్చినాక అణాకు ఆరు పైసలా, ఆరుంబావా అని మా అమ్మకూ చాకలాయనకూ వారం వారం పంచాయతీ. అప్పటికి రాజధాని వెళ్లిపోయిందిలే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఆఫీసులన్నీ హైదరాబాదుకు కదిలినాయి. అక్కడ నిజాము కొలువులో షేర్వాణీయే ఆఫీసు దుస్తులు. పంచెకోటు వాళ్లూ, షేర్వాణీ వాళ్లూ ఒకే గదిలో కూర్చోవాల్సి వచ్చింది. అది వేరే కథ, ఇంకొక రాత్రి చెప్తా.

నిప్పు ఆరిపోతా ఉంది, ఆ కంది కట్టె ఇట్ల తోయి. ఊఁ.

నేను ఒక తాలూకా కచేరిలో గుమాస్తాగా చేరేటప్పటికి గజాలు పోయి మీటర్లు వచ్చినాయి. జీతం నూరు రూపాయలు దాటి కొంచెం. మా నాయన నన్ను అంగడికి తోలుకొనిపోయి రెండు తెల్ల షర్టులకు గుడ్డ, ఒక బూడిద రంగు ప్యాంటుకు గుడ్డ తీసినాడు. తువ్వాళ్లు, దుప్పట్లు అంటే ఎమ్మిగనూరు సొసైటీవే. మాచాని సోమప్పగారు 1938లో నేతగాళ్లను కూడగట్టి పెట్టిన సంఘం అది, ఆయనకు 1954లో పద్మశ్రీ ఇచ్చినారు. ఆ తువ్వాల ఒకటి కచేరి కుర్చీకి వేసుకునేదానికి ప్రత్యేకంగా కొన్నాం. దర్జీ సాయిబు షర్టుకు రూపాయి పావలా, ప్యాంటుకు మూడు రూపాయలు తీసుకున్నాడు. నన్ను నిలబెట్టి కొలతలు చూసి, మా నాయనతో అన్నాడు: "పిల్లోడు కూర్చొని రాసే పని. నడుము దగ్గర రెండు వేళ్లు వదులు పెడతా, లోపల గుడ్డ మడిచి కుడతా. జీతం పెరిగే కొద్దీ ఇప్పుకుంటా పోవచ్చు." ఆ మడత మూడు ఇంక్రిమెంట్ల దాకా పనికొచ్చింది.

ఉతికిన అంగీని బియ్యం గంజిలో ముంచి, చివరి నీళ్లలో నీలిమందు చుక్క వేసి, నీడలో ఆరేసేవాళ్లం. ఎండలో వేస్తే నీలి చారలు చారలుగా నిలిచిపోతుంది. ఆరినాక అది అప్పడం మాదిరి బిగుసుకొని ఉండేది. నీళ్లు చిలకరించి, చుట్ట చుట్టి ఒక గడియ పెట్టి, అప్పుడు ఇస్త్రీ. బొగ్గుల ఇస్త్రీపెట్టె వీధికి ఒక ఇంట్లో ఉంటే గొప్ప. లేనివాళ్లు ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, అడుగు తుడిచి, దాన్నే రుద్దేవాళ్లు. ప్యాంటు గీత కోసమైతే మడిచి పరుపు కింద పెట్టి దాని మీద పండుకునేది. రాత్రి అటూ ఇటూ దొర్లినోని ప్యాంటుకు పొద్దున రెండు గీతలు. అది చూసి వాడు నిద్ర పట్టక ఏం ఆలోచన చేసినాడో అని ఆఫీసులో వాన్ని ఆటపట్టించేవాళ్లం.

మా హెడ్ గుమాస్తాది పాత కాలం చదువు. ఆయన చెప్పిన పద్ధతులు ఇప్పటికీ నా చెవుల్లో ఉండాయి. మణికట్టు దాకా చేతులు వదలాల, రాసేటప్పుడు ఒక్క మడత వేసుకోవచ్చు, అధికారి పిలిస్తే దించాల. మెడ దగ్గర బొత్తం ఒకటి విప్పుకోవచ్చు, రెండోది ఇంటికి పోయినాక. సిరా పెన్ను జేబులో పెట్టుకునేవాడు గుడ్డముక్క చుట్టి పెట్టుకోవాల. రబ్బరు చెప్పులు బావి దగ్గరికే, కచేరికి తోలు మెట్లు. బాటా అంగడిలో బూట్లు కొనేవాళ్లు కొందరు, ఆ తొంభై అయిదు పైసలతో ముగిసే ధరలు చూసి అయిదు పైసలు మిగిలినాయని సంబరపడేవాళ్లు. ఇంకొక మాట కూడా అనేవాడు ఆయన. మనిషి వచ్చేదానికన్నా ముందు వాసన రాకూడదు, అది చెమటైనా సరే, సెంటైనా సరే.

ఒకనాడు మా పక్క సీటు కుర్రవాడు ఎండ ఎక్కువగా ఉందని అంగీ బొత్తాలు కడుపుదాకా విప్పి, కాళ్లు బల్ల మీద పెట్టి విసనకర్రతో విసురుకుంటా ఉండాడు. హెడ్ గుమాస్తా తిట్టలేదు. "ఇట్ల రా నాయనా" అని కిటికీ దగ్గరికి పిలిచినాడు. నేనూ లేచి చూసినా. బయట వేపచెట్టు కింద ఒక ముసలి రైతు. ఎంత దూరం నుంచి నడిచి వచ్చినాడో, మోకాళ్ల దాకా దుమ్ము. మొదట కుండలో నీళ్లు ముంచుకొని కాళ్లు, చేతులు, మొగం కడుక్కున్నాడు. తువ్వాలతో తుడుచుకున్నాడు. సంచిలో నుంచి పేపర్లో చుట్టిన తెల్ల అంగీ తీసినాడు. మడత విప్పి, దులిపి, తొడుక్కున్నాడు. బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు, మెడ దగ్గరిది కూడా. వేసుకొచ్చిన పాత అంగీని అదే పేపర్లో చుట్టి సంచిలో పెట్టినాడు. రుమాలు విప్పి మళ్లీ చుట్టినాడు. మెట్లు చెట్టు మొదట్లో విడిచి, అర్జీ చేత పట్టుకొని కచేరి మెట్లెక్కినాడు. "ఆయన వచ్చేది నీ దగ్గరికే, ఆ అర్జీ నీ సీటుదే" అన్నాడు హెడ్ గుమాస్తా, అని తన బల్ల దగ్గరికి పోయినాడు. మా కుర్రవాడు పరుగున పోయి బొత్తాలు పెట్టుకున్నాడు. రైతుకు కుర్చీ కూడా వేసినాడు.

తర్వాత తర్వాత ఎన్ని వేషాలు చూసినానో. టెరిలీన్ వచ్చింది. నలగదు, ఇస్త్రీ అక్కర్లేదు అని జీతంలో పెద్ద ముక్క పోసి కొన్నారు. మన మే నెలలో అది ఒంటికి అతుక్కొని చెమటకాయలు పేలితే, బల్లల మీద ఫైళ్లకన్నా పౌడరు డబ్బాలు ఎక్కువ కనపడినాయి. బెల్‌బాటం ప్యాంట్లు వచ్చినాయి, కడప వీధుల దుమ్మంతా ఊడ్చినాయి. సినిమాలో హీరో జుట్టు చూసి మా జవాను కూడా చెవులు మూసేటట్టు పెంచినాడు, అధికారి గంట కొడితే వినపడలేదని సాకు చెప్పేవాడు. ఆ తర్వాత సఫారీ సూట్ల కాలం. ఇంజనీరు నుంచి గుమాస్తా దాకా అందరూ సఫారీలే. పులిని చూసి నక్క వాత పెట్టుకుందని సామెత, ఇక్కడ పులి ఎవరో నక్క ఎవరో కూడా తెలిసేది కాదు. ఆ నడుమ 1984లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కరణీకాలు, మునసబు పదవులు రద్దు చేసింది. జమాబందీ కోట్లకు ఇక పని లేకపోయింది.

పంచె పాతబడిపోయిందని మాత్రం అనుకోవద్దు. మన కర్నూలు కోట్ల విజయభాస్కరరెడ్డిగారు పంచెతోనే రెండు మార్లు ముఖ్యమంత్రిగా చేసినారు. 1991లో పి.వి. నరసింహారావుగారు ప్రధానిగా ఉండి నంద్యాల ఉపఎన్నికలో నిలబడినప్పుడు పంచె, లాల్చీ, కండువతోనే వచ్చినారు. ఇతర దేశాలకు పోతే మెడదాకా మూసిన కోటు వేసేవాళ్లు, చోటుకు తగ్గ గుడ్డ. ఇక పులివెందుల రాజశేఖరరెడ్డిగారు డాక్టరు, 1973లో ఊర్లో ఆసుపత్రి పెట్టిన మనిషి. 2003లో చేవెళ్ల నుంచి పాదయాత్రకు పంచెకట్టుతో దిగి, మరుసటి ఏడు ముఖ్యమంత్రి అయినాక కూడా ఆ కట్టు మార్చలేదు. ఆ తర్వాత మన కాలేజీ పిల్లలు కూడా పెండ్లిండ్లకు అదే పంచెకట్టు అడిగి కట్టించుకున్నారు. కోర్టు సంగతి చూస్తావా? బార్ కౌన్సిల్ నిబంధనల్లో మగ వకీలుకు నల్లకోటు కింద ప్యాంటైనా సరే, పంచెయినా సరే. పనికిరానిది జీన్సు ఒక్కటే, పేరు పెట్టి మరీ వద్దన్నారు. ఎండాకాలంలో హైకోర్టు, సుప్రీంకోర్టు తప్ప కింది కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. అది రాసినవాళ్లు ఎప్పుడో ఒక మే నెలలో మన పక్క తిరిగే ఉంటారని నాకు నమ్మకం.

జపానువాళ్లు 2005లో తెలుసుకున్నారు ఈ సంగతి. ఎండాకాలం ఆఫీసుల్లో ఏసీ 28 డిగ్రీలకు పెట్టి, కోట్లు, టైలు విప్పి రండి అని ప్రభుత్వమే చెప్పింది. మొదట వాళ్ల ప్రధానే టై లేకుండా కనపడినారు, చూసి మిగతావాళ్లు ధైర్యం చేసినారు. మన దగ్గర 2015లో ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో, మే నెల ఎండలో ప్రధానికి ఎదురుపోయిన కలెక్టరు నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు, బంద్‌గలా వేయలేదు అని నోటీసు ఇచ్చినారు. ఆ రోజు పేపరు చదివి మీ అవ్వ అన్న మాట నేను ఇక్కడ చెప్పను, నువ్వు ఆమెనే అడుగు.

ఇప్పుడు నీ సంగతి. కోటు వద్దు. ఎవరైనా పెద్ద సభ పెట్టి కోటుతో రమ్మంటే అప్పుడు చూస్తాం, ఎరువు తెచ్చుకోవద్దు మాత్రం. టై అస్సలు వద్దు. లేత రంగు నూలు షర్టులు నాలుగు, ముదురు బూడిద, నీలం ప్యాంట్లు రెండు. షర్టు లోపలికి దోపుకో, బెల్టు పెట్టుకో. బనీను మానొద్దు, చెమట పీల్చేది అదే. బూట్లు నల్లవి ఒక జత, మేజోళ్లు నూలువి, రోజూ మార్చాల. జేబురుమాలు రెండు పెట్టుకో, ఒకటి నీకు, ఒకటి ఎవరికైనా. గడ్డం పెంచుకుంటే పెంచుకో, అంచులు దిద్దించు. జీన్సు ఆదివారానికి దాచు. శ్రావణ శుక్రవారం నాడో, ఉగాది మరునాడో పంచె కట్టుకొని పోవాలనిపిస్తే పో, నీ పైఅధికారిని ముందురోజు ఒక మాట అడిగి పో. రెండో షర్టు ఒకటి ఆఫీసు బీరువాలో ఉంచు, మన దుమ్ము సంగతి నీకు తెలిసిందే గదా.

రేపు పొద్దున ఎండ ముదరక ముందే అంగడికి పోదాం. మీ కాలంవాళ్లు కుట్టినవే కొంటారుగానీ, నీ భుజాలకు అవి కుదరవు, నేను చూసినా. గుడ్డ తీసి, సాయిబు మనవడు ఉండాడు గదా, ఆయన దగ్గర కొలతలు ఇచ్చి వద్దాం. గుడ్డ తెచ్చినాక ముందర ఒక రాత్రంతా చల్లనీళ్లలో నానేసి, నీడలో ఆరేసి, ఆ తర్వాతే కుట్టేదానికి ఇవ్వాల. నూలుగుడ్డ నాననియ్యకుండా కుట్టిస్తే మొదటి ఉతుక్కే చేతులు కురచైపోతాయి. బకెట్టు యాడుందో మీ అవ్వను అడిగి పెట్టుకో. ఇదో, చెనక్కాయలు కాలినాయి. చెయ్యి కాలకుండా తీసుకో.